ఆగింది కార్డా, గుండెనా?

మెమరీ కార్డు మీకు కొత్త వస్తువు కాదు. నిండితే ఇంకోటి కొనుక్కుంటారు, పాడైతే పారేస్తారు. గోరంత ముక్క. ఆ గోరంత ముక్క వేగం కొలిచిన రోజున నేను పడినంత భయం నా ఉద్యోగం మొత్తంలో ఇంకెప్పుడూ పడలేదు. అదే మీకు చెప్పాలని కూర్చున్నాను. మా వైపు, అంటే తమిళనాడులో, తెలుగు మాట్లాడే ఇళ్ళలో చాలామంది పిల్లలకు తెలుగు అక్షరం రాదు. అలాంటివాళ్ళకు ఎవరైనా చదివి వినిపిస్తే సంతోషం.

నేను వేలూరులో ఒక చిన్న గుండె ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యాను. వేలూరులో ఆసుపత్రులకు కొదవలేదు. వాటి మధ్య మాది రోడ్డు మీద పోయేవాళ్ళ కంటికి కూడా ఆనేది కాదు. కాకపోతే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మమ్మల్నే నమ్ముకుని వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు.

మా దగ్గర ఒక పరీక్ష ఉండేది. అప్పుడప్పుడూ కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు డాక్టరు ముందు కూర్చున్న కాసేపట్లో వాళ్ళ గుండె బుద్ధిగా కొట్టుకుంటుంది. ఏ తప్పూ దొరకదు. అందుకని ఛాతీ మీద తీగలు అంటించి, నడుముకు చిన్న రికార్డరు కట్టి ఇంటికి పంపేవాళ్ళం. ఒక పగలూ ఒక రాత్రీ గుండె కొట్టుకున్నదంతా రికార్డరులోని మెమరీ కార్డు మీదికి ఎక్కుతుంది. మరుసటి రోజు ఆ కార్డును కంప్యూటరులో పెడితే అంతా గీతగా కనిపిస్తుంది.

ఆ ఏడాది వచ్చిన కార్డుల్లో కొన్ని నాసిరకానివి కలిశాయి. పైన అచ్చు అదే, పెట్టె అదే. లోపల మాత్రం వేరు. రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి కొన్ని క్షణాలు మొరాయించేవి. కార్డు మొరాయిస్తే రికార్డరు ఎంతోసేపు కాచుకోలేదు. ఆ ముక్కను వదిలేసి ముందుకు పోయేది. తెర మీద ఆ ఖాళీలో నేరుగా ఒక గీత వచ్చేది. గుండె ఆగినా అట్లాగే గీత వస్తుంది కదా, మొదట్లో అందరం హడలిపోయాం. ఒడుగత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ను ఆ గీతలు చూసి, మంచం మీద పడుకోబెట్టి, కొడుకుల్ని పిలిపించాం. తీరా చూస్తే ఆయన గుండె మా అందరి గుండెలకన్నా బాగుంది. పోతూ పోతూ, "నన్ను చంపేసి మళ్ళా బతికించినారు గదప్పా" అని నవ్విపోయాడు.

ఆయన నవ్వాడు గానీ, మాకు మాత్రం ఒక అలవాటు పట్టుకుంది. నేరు గీత కనబడితే చాలు, కార్డు తప్పు అనేయడం. దొరికిన చెడ్డ కార్డుల్ని ఏరి పక్కన పెట్టాను. ఇంకా ఎన్ని మంచివాటిలో కలిసి ఉన్నాయో ఎవరికీ తెలియదు. 'కార్డు' అనే మాట ఆసుపత్రిలో ఒక ఊరటలా తయారైంది. రోగికీ ఊరట, మాకూ ఊరట.

అటువంటి రోజుల్లో గుడియాత్తం నుంచి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. గుడియాత్తానికీ వేలూరుకీ మధ్య తిరిగే ప్రైవేటు బస్సు ఆయనది. నడివయసు మనిషి, గట్టి పిండం. ఇంట్లో ముఖం కడుక్కుంటూ కడుక్కుంటూ తొట్టి పక్కన పడిపోయాడట. క్షణంలో లేచి కూర్చున్నాడు గానీ భార్య ఊరుకోలేదు, పట్టుకుని లాక్కొచ్చింది. బస్సు ఓనరుకు తెలియకుండా వచ్చారు. రికార్డరు కట్టించుకుంటున్నంతసేపూ ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికే తొందరపడ్డాడు.

"ఇది కట్టుకున్న్యాక బండి తోలొచ్చునా సిస్టరమ్మా?" అని అడిగాడు.

రికార్డర్లు కట్టే సిస్టర్‌ది మంచి మనసు. ఎంతటి భయస్తుణ్ణయినా నవ్వించి పంపేది. "ఒక్క దినం లీవు పెట్టు నాయనా. బండి యాడికీ పారిపోదు" అంది.

మరుసటి రోజు సాయంత్రం ఆయన రికార్డరు తిరిగి ఇచ్చాడు. సిస్టర్ కార్డును కంప్యూటరులో పెట్టి చూసింది. మధ్యలో ఒకచోట నేరు గీత. ఆయన ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు, ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడలేక సిస్టర్, "ఏమీ లేదప్పా, ఇది కార్డు తప్పు. ఈ మధ్య ఇట్లే అవుతా ఉండాది. వచ్చే వారం మళ్ళా కట్టుకుందాం రా" అని చెప్పి పంపింది. ఆయన చేతులు జోడించి, మెట్లు రెండేసి దిగి వెళ్ళిపోయాడట. డాక్టరు ఇంకా చూడలేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. సిస్టర్‌కు తట్టింది గానీ, రోజూ చూసే గీతే కదా అనుకుంది.

మరునాడు పొద్దున నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ నన్ను పిలిపించింది. ఆమె తమిళావిడ. ఎక్కువ మాట్లాడేది కాదు. తెర మీద డ్రైవరు గీత ఉంది.

"ఇది కార్డా, గుండెనా?" అని అడిగింది.

నేను అలవాటుగా, "కార్డే అయి ఉంటుంది మ్యాడం" అన్నాను.

"అయి ఉంటుంది అంటే నాకు చాలదు. గీత అయిపోయాక గుండె కొట్టిన మొదటి దెబ్బ చూడండి, మిగతావాటిలా లేదు. కానీ మన చెడ్డ కార్డులు కూడా అంచుల్లో ఇట్లా చెడగొడతాయి. కార్డు చేసిన తప్పుకు ఒక మనిషి ఛాతీ కోసి యంత్రం పెట్టలేను. గుండె చేసిన తప్పును కార్డు మీదికి తోసి ఇంట్లో కూర్చోబెట్టనూ లేను." కార్డు తీసి నా చేతిలో పెట్టి, "కార్డు సంగతి మీరు తేల్చండి. గుండె సంగతి నేను చూసుకుంటాను" అంది.

కార్డు తీసుకుని కంప్యూటరు సెక్షనుకు పోయాను. అక్కడ పనిచేసే ఆవిడ నాకంటే వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. తలుపు వేసి ఇద్దరం కూర్చున్నాం. నల్లటి టెర్మినల్ తెర తెరిచింది. బొమ్మలూ బటన్లూ ఉండవు, కమాండు టైపు చేయాలి, అది జవాబు చెప్పాలి.

ముందు కార్డులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు కంప్యూటరులోకి కాపీ చేయాలి. ఎందుకంటే రాసే వేగం కొలవాలంటే కార్డు మీద రాయాలి, రాస్తే అందులో ఉన్న గీత చెరిగిపోతుంది. కాపీకి వాడేది డీడీ అనే పాత కమాండు. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు పేర్లు ఇస్తే చాలు, పని చేసేస్తుంది. ఆ రెండూ తారుమారైనా చేసేస్తుంది. 'నిజంగానా?' అని అడగదు. డ్రైవరు గీత ప్రపంచంలో ఆ ఒక్క కార్డు మీదే ఉంది. నేను టైపు చేసినదాన్ని ఆవిడ తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను. విసుక్కోకుండా చదివింది. ఎంటర్ నొక్కాను. కాపీ అయింది. తెరిచి చూశాం, గీత క్షేమంగా ఉంది.

తరవాత కార్డు మీదికి ఒక పెద్ద ఫైలు రాయించాం. క్షణంలో అయిపోయింది. వేగం చూసి నేను మురిసిపోయాను గానీ ఆవిడ నొసలు ముడిచింది.

"సార్, ఈ చిన్న కార్డుకు ఇంత వేగం ఎక్కడిది? ఇది కార్డు వేగం కాదు."

నిజమే. కంప్యూటరు ఆ ఫైలును ముందు తన మెమరీలో దాచుకుని, 'రాసేశాను' అని మాకు చెప్పింది. అసలు రాత వెనకాల తీరిగ్గా జరుగుతోంది. కార్డు మీద నిజంగా పడేదాకా అయిందని చెప్పొద్దని కమాండులో ఇంకో మాట చేర్చాం. ఈసారి వేగం బాగా తగ్గింది. తగ్గినా, రికార్డరు అవసరానికి అది ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే అది సగటు వేగం. చెడ్డ కార్డుల సగటు కూడా బాగానే ఉండేది, అక్కడే వచ్చింది చిక్కు. రోజంతా బాగా తోలి ఒక్క క్షణం కునికే డ్రైవరు సగటు ఎంత బాగుంటే ఏం లాభం? అందుకని కార్డు మీద చిన్న చిన్న ముక్కలుగా రాయిస్తూ, ఒక్కో ముక్కకు ఎంతసేపు పట్టిందో వరసగా చూపించేలా పెట్టాం.

మొదట నేను పక్కన పెట్టిన చెడ్డ కార్డుల్లో ఒకదాన్ని పెట్టాం, మా పరీక్ష దొంగను పట్టగలదో లేదో తెలుసుకోవాలి కదా. వరసలు గబగబా పైకి పోతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. కర్సరు ఒక్కటే మినుకుమినుకుమంటోంది. మళ్ళీ కదిలాయి, మళ్ళీ ఆగాయి. దొరికింది. ఆవిడ నా వైపు చూసి తలూపింది.

ఇప్పుడు డ్రైవరు కార్డు.

వరసలు పోతున్నాయి. ఆ గీత రికార్డయిన చోటు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ముందుకు వంగాం. ఆగలేదు. దాటిపోయింది. ఇంకా పోతోంది. నా జీవితంలో ఎన్నో యంత్రాలు బాగుండాలని కోరుకున్నాను. ఆ పొద్దు మాత్రం ఒక వస్తువు చెడిపోయి ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఒక్కసారి ఆగవే తల్లీ, ఒక్కచోట ఆగు, నీకు పుణ్యముంటుంది అని లోపల్లోపలే కార్డును బతిమాలుకున్నాను. బయట క్యాంటీను గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. వరసలు పోతూనే ఉన్నాయి, కార్డు చివరిదాకా, ఎక్కడా తడబడకుండా.

"ఇంకోసారి చూద్దామా?" అన్నాను.

చూశాం. అంతే.

"రికార్డరులో ఏమైనా?" అని అడిగిందావిడ.

అదే రికార్డరును డ్రైవరుకు కట్టడానికి ముందు రోజూ, అంతకుముందూ వేరేవాళ్ళకు కట్టారు. వాళ్ళ గీతలు శుభ్రంగా ఉన్నాయి. ఇక తప్పు మోయడానికి ఏ యంత్రమూ మిగల్లేదు.

డాక్టరమ్మ గదికి వెళ్ళి, "కార్డు బాగుంది మ్యాడం" అన్నాను. ఒక వస్తువు బాగుందన్న మాట అంత భారంగా నా నోట ఎప్పుడూ రాలేదు. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని మాత్రం అడిగింది.

సిస్టర్ గుమ్మంలోనే నిలబడి ఉంది. మాటలు విన్నట్టుంది. "ఈ పొద్దు డ్యూటీకి పోతానన్నాడు" అంది. గోడకు ఆనుకుంది.

ఆయన నంబరుకు నేనే ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. అగ్గిపెట్టెల కంపెనీలో పని చేస్తోంది, వెనకాల ఆడవాళ్ళ మాటలు.

"ఆయనేడమ్మా?"

"బండి మీద పోయినాడప్పా. బండెక్కితే ఫోను దగ్గర పెట్టుకోడు, నా చేతికే ఇచ్చేసి పోతాడు. ఏం సమాచారం?"

"బండి ఇప్పుడు యాడుంటుంది?"

"గుడియాత్తం నుంచి ఎత్తి శానాసేపయింది. వేలూరు పక్కే వస్తా ఉంటాది." గొంతు మారింది. "ఎందుకడగతా ఉండావప్పా? నిన్న ఏమీ లేదని చెప్పినారంటనే?"

నేను ఏం చెప్పానో సరిగా గుర్తులేదు. ఇంకోసారి పరీక్ష చేయాలి, ఈలోపల బండి తోలకూడదు అన్నట్టున్నాను. ఆమెకు అర్థమైపోయింది. ఏడవలేదు. "ఓనరుకు మాత్రం చెప్పొద్దప్పా, నీకు దండం పెడతా. కండక్టరన్న నంబరు ఇస్తా, రాసుకో" అంది.

కండక్టరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టే మనిషి ఫోన్ ఎట్లా చూస్తాడు? డాక్టరమ్మ లేచి నిలబడింది. "అంబులెన్సు తీయమనండి. మీరు చేస్తూనే ఉండండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, స్టీరింగు పట్టుకున్న మనిషికి ఈ మాట చేరకూడదు."

అంబులెన్సులో డాక్టరమ్మ, నేను, సిస్టర్. సిస్టర్‌ను ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పెద్ద రోడ్డు ఎక్కాం. ఎదురుగా వచ్చే ప్రతి బస్సూ అదేనేమో అనిపించింది. ఒక్కో బస్సు పక్కనుంచి హోరున దూసుకుపోతుంటే అందులో కిటికీల దగ్గర కూర్చున్న మనుషులు కనిపించేవాళ్ళు. ఒళ్ళో సంచులు, భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు. నేను కళ్ళు మూసుకుని ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

చివరికి కండక్టరే తిరిగి చేశాడు. "ఎవురు? ఇన్ని తూర్లు చేసినారు?"

"అన్నా, నేను వేలూరు ఆసుపత్రి నుంచి. గట్టిగా మాట్లాడొద్దు. నీ డ్రైవరు పక్కనుంటే కొంచెం వెనక్కి రా." వచ్చినట్టుంది, చప్పుడు తగ్గింది. "ఆయనకు గుండె సమస్య ఉండాది. ఎప్పుడైనా కళ్ళు తిరగొచ్చు. గాబరా పెట్టకుండా బండిని ఓరగా నిలిపించాల. నీ వల్ల అవుతుందా?"

బస్సు హారను ఒకసారి వినిపించింది. తరవాత అతను ఎంతో మామూలుగా, "సెరి, ఇప్పుడే పళ్ళికొండ దాటినాం" అని, ఫోను కట్ చేయకుండానే కేక వేశాడు. "అన్నా! వెనక టైరులో గాలి దిగినట్టుండాది. రవ్వంత ఓరం కట్టు, చూస్తాం!"

ఇంజను శబ్దం నెమ్మదించడం నాకు ఫోనులో వినిపించింది. గేరు దిగింది. బ్రేకు కీచుమంది. ఆ తరవాత ఏమీ వినబడలేదు. అంబులెన్సులో ఎవరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మేము వెళ్ళేసరికి బస్సు రోడ్డు ఓరన ఉంది. జనం దిగి తలోమాట అంటున్నారు. డ్రైవరు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, "గాలి బాగుండాది గదరా, కండ్లు కనపడవా నీకి?" అని కండక్టరును తిడుతున్నాడు. తలెత్తి సిస్టర్‌ను చూశాడు. ఆ పక్కన అంబులెన్సును చూశాడు. టైరు మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"కార్డు తప్పని చెప్తివి గదమ్మా" అన్నాడు.

సిస్టర్ ఆయన పక్కకు వచ్చింది. చెయ్యి పట్టుకుని లేపింది.

ఆసుపత్రికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి మానిటరుకు కలిపాం. గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. ఆయనకు కోపం పెరిగింది. బండి నడిరోడ్డు మీద వదిలేసి వచ్చానని, ఓనరు ఊరుకోడని, మీకు మిషన్లు చూడటం రాకపోతే నా పొట్ట కొడతారా అని అరుస్తున్నాడు. భార్య గుడియాత్తం నుంచి వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. నాకు మళ్ళీ అనుమానం మొదలైంది. మా పరీక్షలో ఏదైనా తప్పు జరిగిందా? కార్డు ఆ రోజు మొరాయించి, ఈ రోజు బాగా నడిచిందేమో? అట్లా కాదని చెప్పగలిగిన పరీక్ష ఏదీ లోకంలో లేదు.

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. "ఓనరు అడిగితే నేనేం..." అన్నాడు, అంతే. కళ్ళు పైకి తేలిపోయాయి. తల పక్కకు వాలింది. మానిటరు మీద గీత నేరుగా సాగింది. ఈసారి మధ్యలో ఏ కార్డూ లేదు. డాక్టరమ్మ అప్పటికే ఆయన ఛాతీ మీద చేతులు పెట్టింది. ఇంతలో ఒక దెబ్బ కనిపించింది, మిగతావాటిలా లేని దెబ్బ. దాని వెనక ఇంకోటి. ఆయన కళ్ళు తెరిచి, "నేనేం చెప్పేది?" అని వాక్యం పూర్తి చేశాడు. ఏమీ జరిగినట్టు ఆయనకు తెలియదు. భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

పేస్‌మేకర్ పెట్టారు. మనిషి బతికాడు. బస్సు తోలే పని మాత్రం పోయింది. ఇంటికి పోయేరోజు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సిస్టర్ ఆ తరవాత కూడా అందరినీ నవ్విస్తూనే ఉండేది. కానీ "ఏమీ లేదు" అనే మాట ఆమె నోట మళ్ళీ వినలేదు. "డాక్టరు చూస్తుందప్పా, ఉండు" అనేది. మేమందరం కూడా చాలా రోజులు ఏ యంత్రాన్నీ తిట్టడానికి సాహసించలేదు. తప్పును యంత్రం మీదికి తోయడం సులువు, అది ఎదురు చెప్పదు. ఉద్యోగాల్లో ఉన్న మీకు ఇంతకంటే పెద్ద నీతి చెప్పే అర్హత నాకు లేదు.

రిటైరయ్యాక ఒకసారి బంధువుల ఇంట్లో పెళ్ళికని గుడియాత్తం పోయాను. తిరిగి వస్తూ బస్టాండులో నిలబడి ఉంటే ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ఆయనే. ఒళ్ళు కాస్త తగ్గింది. బస్సులు బయలుదేరే వేళలు చూసుకునే పని ఇచ్చారట అదే ఓనరు. టీ తాగిస్తానని పట్టుబట్టాడు.

"నిన్ను శానా తిట్టుకున్న్యానప్పా" అన్నాడు గ్లాసు అందిస్తూ. "కార్డు తప్పని ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయింది అని. స్టీరింగు పట్టని చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు నాకి."

నేను గ్లాసు అందుకుని టీ ఊదుకున్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "ఒకటి ఎవురికీ చెప్పలేదు. ఇంట్లో ఆమెకి గూడా. ఆ పొద్దు, మీరు ఫోను చేసేదానికి ముందర, పాలారు వారధి మీద ఉండాము. ఎదురుగా లారీ వస్తా ఉండాది, చూసినా. అంతే తెలుసు. మళ్ళా కండ్లు తెరిస్తే లారీ లేదు. వారధి గూడా అయిపోయినాది. బండి నేరుగానే పోతా ఉండాది, చేతులు స్టీరింగు మీదే ఉండాయి. వెనకాల జనం మాట్లాడుకుంటానే ఉండారు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఎవురు తోలినారప్పా అంతసేపు ఆ బండిని?"

వేలూరు బస్సు కదలబోతుంటే ఆయన లేచి, డ్రైవరుకు చెయ్యి ఊపి ఆపించి, నన్ను ఎక్కించాడు. ముందు సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. బస్సు పాలారు వంతెన దాటి అవతలి గట్టు చేరేదాకా నేను డ్రైవరు మెడ మీది నుంచి చూపు తిప్పలేదు.